అక్రమ వేటపై నిఘా: ఎవరి కోసం ఈ కన్ను?

చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. కానీ 2022లో పక్కనే ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి శ్రీహరికోట, పులికాట్ తీరం వచ్చాయి. అక్కడినుంచి ఎగిరిన ఉపగ్రహాలు నేడు సముద్రాన్ని గమనిస్తున్నాయి. అక్రమ చేపల వేటపై అర్ధశతాబ్దపు పోరాటాన్ని పరిశీలిస్తే నాకు తోచేది ఒకటే: చూపు ఎంత దూరం సాగినా, ఒడ్డున ఉన్నవాడికి న్యాయం చేయని నిఘా సగం పనే చేస్తుంది.

1976 చట్టం 200 నాటికల్ మైళ్ల వరకూ సముద్ర సంపదపై మనకు హక్కు ప్రకటించింది. 1978లో కోస్ట్‌గార్డుకు చట్టబద్ధత వచ్చింది, 1981లో విదేశీ ఓడల వేటను నియంత్రించే చట్టం వచ్చింది. అప్పటి అనుమానమంతా పరాయి ఓడ మీదే. అయితే 1991లో ప్రభుత్వమే విదేశీ భాగస్వామ్యంతో లోతు సముద్రపు వేటకు తలుపు తెరిచింది. మత్స్యకారులు దేశమంతటా ఉద్యమించాక, ప్రభుత్వం నియమించిన మురారి కమిటీ ఆ అనుమతుల రద్దుకు సిఫారసు చేసింది. లైసెన్సు ఉన్నంత మాత్రాన వేట న్యాయమైపోదని తీరప్రాంతం అప్పుడే చెప్పింది. ప్రపంచం వేరే దారిలో నడిచింది. 2009లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం దొంగ సరుకుతో వచ్చే ఓడకు రేవులో చోటు నిరాకరించమంది. 2018లో గురుగ్రామ్‌లో నౌకాదళం నెలకొల్పిన కేంద్రం హిందూ మహాసముద్ర దేశాలతో ఓడల సమాచారం పంచుకుంటోంది. ఒక ఓడ తన జాడ తెలిపే పరికరాన్ని ఆపేసినా రాడార్ ఉపగ్రహం దాన్ని పట్టగలదు. అయితే సముద్రమంతటా ఇలా నిఘా పెట్టడం ఒంటరి దేశానికి సాధ్యం కాదు.

సమాచారం పంచుకుంటే సార్వభౌమత్వం పలుచబడుతుందని కొందరి భయం. కానీ ఓడను చూసేది ఎవరైనా, మన జలాల్లో దాన్ని పట్టి శిక్షించే అధికారం మన చట్టానిదే. బలమైన ఆక్షేపణ మరొకటుంది: పడవలకు అమర్చే, జాడ తెలిపే ట్రాన్స్‌పాండర్లు పేద మత్స్యకారుణ్నే నిందితుణ్ని చేస్తాయని. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి ఏడాదికి పైగా చెరలో మగ్గారు. సరిహద్దు దగ్గరపడిందని హెచ్చరించే పరికరం అలాంటివాళ్లకు రక్షణ. ఆ పరికరం ఇచ్చే సమాచారాన్ని శిక్షకు ముందు రక్షణకు వాడతామని రాతపూర్వక హామీ ఉంటేనే వాళ్లు దాన్ని నమ్ముతారు. ఇక నెల్లూరు తీరంలో గొడవ విదేశీ ఓడతో కాదు. సంప్రదాయ పడవలకు కేటాయించిన 8 కిలోమీటర్ల లోపలికి తమిళనాడు మరబోట్లు చొచ్చుకొస్తున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు. వాటిని మత్స్యకారులే పట్టుకుని ఒడ్డుకు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. దీనికి అంతర్జాతీయ ఒప్పందం అక్కర్లేదు; రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు, తీర గ్రామాల పెద్దలు కూర్చుని, ఇప్పటికే ఉన్న ఉపగ్రహ సమాచారాన్ని ఉమ్మడిగా చూసి జరిమానాలు వేయగలిగితే చాలు.