ఎస్.యు.వి. మార్పిడి టైర్లు

స్పోర్ట్ యుటిలిటీ వెహికల్, సంక్షిప్తముగా ఎస్.యు.వి., తరగతికి చెందిన వాహనానికి కర్మాగారములో బిగించిన టైర్లు అరిగినప్పుడు, పాతబడినప్పుడు లేదా దెబ్బతిన్నప్పుడు వాటి స్థానములో వేసే టైర్లను మార్పిడి టైర్లు అంటారు. సాధారణ కారుతో పోల్చినప్పుడు ఎస్.యు.వి. బరువు ఎక్కువ, నేల నుండి ఎత్తు ఎక్కువ, గురుత్వ కేంద్రము కూడా పైన ఉంటుంది. ఈ కారణముగా వేగముగా పోతున్నప్పుడు టైరు విఫలమైతే కారు కేవలము దారి తప్పవచ్చును గాని, ఎస్.యు.వి. బోల్తా పడే అవకాశము అధికము. కావున ఈ వాహనాలకు టైరు ఎంపిక ధరకు, అందానికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో టైర్ల భద్రతా చట్టము మారుటకు కారణమైనది కూడా ఒక ఎస్.యు.వి. టైరే.

పరిమాణము, గుర్తులు

టైరు పక్కగోడపై పరిమాణము అచ్చు వేయబడి ఉంటుంది. ఉదాహరణకు పి235/75ఆర్15 అనే గుర్తులో మొదటి అక్షరము ప్రయాణికుల వాహనపు టైరు అని తెలుపుతుంది. 235 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అనగా పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతము అని అర్థము. ఆర్ అనే అక్షరము రేడియల్ నిర్మాణమునకు, 15 రిమ్ము వ్యాసమునకు గుర్తు. ఈ గుర్తులో వెడల్పు మిల్లీమీటర్లలోను, రిమ్ము అంగుళాలలోను ఉండటము విచిత్రముగా తోచినా ప్రపంచమంతటా ఇదే వాడుకలో ఉన్నది.

ఈ అంకెల నుండి టైరు మొత్తము వ్యాసమును లెక్కించవచ్చును. పై టైరుకు పక్కగోడ ఎత్తు 176.25 మి.మీ., రిమ్ము 381 మి.మీ. రెండు పక్కగోడలను రిమ్ముకు కలిపితే వ్యాసము 733.5 మి.మీ. అవుతుంది. దీని బదులు 235/65ఆర్17 వేస్తే వ్యాసము 737.3 మి.మీ., అనగా తేడా అర శాతము మాత్రమే. కాని 255/70ఆర్16 వేస్తే 763.4 మి.మీ. వచ్చి తేడా 4 శాతము దాటుతుంది. అప్పుడు స్పీడోమీటరు గంటకు 100 కి.మీ. చూపుతున్నప్పుడు వాహనము నిజానికి 104 కి.మీ. వేగముతో పోతూ ఉంటుంది. ఓడోమీటరు తక్కువ దూరము నమోదు చేస్తుంది. ఏ.బి.ఎస్. మరియు స్థిరత్వ నియంత్రణ వ్యవస్థలు కూడా చక్రపు భ్రమణమును బట్టియే పనిచేస్తాయి. అందువలన వ్యాసములో తేడా 3 శాతము మించకుండా చూడటము సాధారణ నియమము. టైరు పెద్దదైనప్పుడు మలుపులలో చక్రపు గూటికి రాసుకొనే ప్రమాదము కూడా కలదు.

బరువు సూచిక, వేగ సూచిక

పరిమాణము తరువాత వచ్చే 105ఎస్ వంటి గుర్తులో అంకె బరువు సూచిక, అక్షరము వేగ సూచిక. బరువు సూచిక కిలోగ్రాముల సంఖ్య కాదు, పట్టికలోని ఒక స్థానము మాత్రమే. 100 అనగా టైరుకు 800 కిలోలు, 105 అనగా 925 కిలోలు, 109 అనగా 1,030 కిలోలు, 112 అనగా 1,120 కిలోలు. వేగ సూచికలలో ఎస్ గంటకు 180, టి 190, హెచ్ 210, వి 240 కిలోమీటర్లు.

కొనుగోలుదారులకు అంతగా తెలియని ఒక నియమము ఇక్కడ ఉన్నది. కార్ల కొరకు తయారైన టైరును ఎస్.యు.వి.కి గాని, చిన్న ట్రక్కుకు గాని వేసినప్పుడు దాని బరువు సామర్థ్యమును 1.10తో భాగించి లెక్కించాలని అమెరికా ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. అనగా 925 కిలోల టైరు ఎస్.యు.వి. కింద సుమారు 841 కిలోల టైరుగా పరిగణింపబడుతుంది. ఇటువంటి వాహనాలలో సామాను ఎక్కువ వేయటము, పైకప్పుపై కట్టటము, ట్రెయిలరు లాగటము సామాన్యము కావటమే దీనికి కారణము. పాత టైరు కంటె తక్కువ బరువు సూచిక గల టైరును ఎన్నడూ వేయరాదు.

పరిమాణమునకు ముందు ఎల్.టి. అని ఉన్న టైర్లు తేలికపాటి ట్రక్కుల కొరకు ఉద్దేశించినవి. వాటి కట్టుబడి దృఢమైనది. కాని అదే బరువును మోయటానికి వాటిలో ఎక్కువ గాలి ఉండాలి. పి రకము తీసి ఎల్.టి. రకము వేసి పాత పీడనమే ఉంచినచో బలమైన టైరు వేశామన్న తృప్తి మిగులుతుంది గాని, వాస్తవానికి బరువు మోసే సామర్థ్యము తగ్గుతుంది.

ట్రెడ్ రకాలు

నేలను తాకే భాగమును ట్రెడ్ అంటారు. తెలుగువారి వాడుకలో దీనికి గ్రిప్పు అనే మాట కూడా ఉన్నది. ఎస్.యు.వి. టైర్లను రహదారి రకము, అన్ని నేలల రకము, బురద రకము అని మూడుగా విభజిస్తారు. మొదటి దానిలో చప్పుడు, ఇంధన వ్యయము తక్కువ. బురద రకములో పెద్ద దిమ్మెల మధ్య వెడల్పైన గాళ్ళు ఉంటాయి. ఇది తడి తారు రోడ్డుపై సరిగా పట్టదు, చప్పుడు ఎక్కువ. అన్ని నేలల రకము ఈ రెండింటికీ మధ్యస్థమైనది. అధిక శాతము ఎస్.యు.వి.లు తమ జీవితకాలములో రోడ్డు దిగవు కనుక వాటికి రహదారి రకమే చాలును.

మంచు కురిసే దేశాలలో మరొక గుర్తును చూడాలి. ఎమ్+ఎస్ అనే గుర్తు ట్రెడ్ ఆకృతిని బట్టి ఇచ్చేది మాత్రమే. మూడు శిఖరాల పర్వతము, దానిలో మంచు స్ఫటికము ఉన్న గుర్తును మాత్రము మంచుపై పట్టును పరీక్షించిన తరువాతనే ఇస్తారు. నాలుగు చక్రాలకు శక్తి అందే వాహనము మంచుపై సులువుగా కదులుతుంది. కాని ఆగవలసి వచ్చినప్పుడు ఆ సౌకర్యము ఏ విధముగాను తోడ్పడదు. అక్కడ పనిచేసేవి టైర్లే.

ఫైర్‌స్టోన్ ఉదంతము

ఫోర్డ్ సంస్థ 1990లో ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్.యు.వి.ని విడుదల చేసినది. త్వరలోనే ఇది అమెరికాలో అత్యధికముగా అమ్ముడైన ఎస్.యు.వి. అయినది. దీనికి ఫైర్‌స్టోన్ వారి ఏ.టి.ఎక్స్. టైర్లను, తరువాత విల్డర్‌నెస్ ఏ.టి. టైర్లను పి235/75ఆర్15 పరిమాణములో బిగించేవారు. ఈ టైర్లలో కొన్నిటికి అధిక వేగములో, వేడి వాతావరణములో ట్రెడ్ మొత్తము ఉక్కు పట్టీ నుండి ఊడిపోయేది. వెనుక టైరుకు ఇది జరిగినప్పుడు వాహనపు వెనుక భాగము పక్కకు జారి, చోదకుడు అదుపు తప్పి, వాహనము దొర్లేది. టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా, ఆరిజోనా వంటి వేడి రాష్ట్రాలలో ఈ ప్రమాదాలు ఎక్కువగా జరిగినవి.

అమెరికాలో చర్య తీసుకొనక ముందే, 1999లో గల్ఫ్ దేశాలలోను 2000లో వెనెజువెలాలోను ఫోర్డ్ ఈ టైర్లను మార్చుట మొదలుపెట్టినది. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరపు టెలివిజన్ కేంద్రము ఒకటి ఈ విషయమును ప్రసారము చేసిన తరువాత ఫిర్యాదులు వెల్లువెత్తినవి. మే నెలలో జాతీయ రహదారి భద్రతా సంస్థ దర్యాప్తు ప్రారంభించినది. 2000 ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ ఇంకా వాడుకలో ఉన్నట్లు అంచనా వేసిన సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచినది. వీటిలో విల్డర్‌నెస్ టైర్లు ఇల్లినాయిస్ రాష్ట్రములోని డికేటర్ కర్మాగారములో తయారైనవి. 2001 మే నెలలో ఫోర్డ్ మరో 1.3 కోట్ల టైర్లను తన ఖర్చుతో మార్చుతానని ప్రకటించినది. అదే సమయములో సుమారు ఒక శతాబ్దముగా సాగిన ఈ రెండు సంస్థల వ్యాపార బంధము తెగిపోయినది. ఈ ప్రమాదాలలో 270కి పైగా మరణాలు సంభవించినట్లు భద్రతా సంస్థ నమోదు చేసినది.

కారణము విషయములో రెండు సంస్థలు ఒకదానిపై ఒకటి నింద మోపుకొన్నవి. ఫోర్డ్ తప్పంతా టైరుదే అన్నది. ఫైర్‌స్టోన్ మాత్రము ఫోర్డ్ సిఫారసు చేసిన 26 పి.ఎస్.ఐ. పీడనము చాలదని, ఎక్స్‌ప్లోరర్ నిర్మాణములోనే అస్థిరత ఉన్నదని వాదించి, 30 పి.ఎస్.ఐ. ఉంచాలని సూచించినది. గాలి తక్కువైన టైరు ప్రతి భ్రమణములోను ఎక్కువగా వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడికి రబ్బరుకు ఉక్కు పట్టీకి మధ్య బంధము బలహీనపడుతుంది. 2001 అక్టోబరులో వెలువడిన భద్రతా సంస్థ నివేదిక ఉక్కు పట్టీల అంచుల వద్ద పగుళ్ళు మొదలై రెండు పట్టీల మధ్య వ్యాపించుటను గుర్తించి, టైర్లలోనే లోపము ఉన్నట్లు నిర్ధారించినది. ఎక్స్‌ప్లోరర్‌పై కూడా దర్యాప్తు జరపాలన్న ఫైర్‌స్టోన్ కోరికను 2002 ఫిబ్రవరిలో తిరస్కరించినది. అయితే పీడనపు వాదన పూర్తిగా నిరాధారమని చెప్పలేము. లోపము గల టైరుకు తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేడి, వేగము తోడైనప్పుడు మిగులు సామర్థ్యము ఏమియు ఉండదు.

ఈ ఉదంతము ఫలితముగా 2000 నవంబరు 1న ట్రెడ్ చట్టము అమలులోనికి వచ్చినది. తయారీదారులు లోపాల సమాచారమును ముందుగానే ప్రభుత్వమునకు అందించుట, విదేశాలలో జరిపిన మార్పిడులను తెలియజేయుట తప్పనిసరి అయినది. టైర్ల పరీక్షా ప్రమాణాలు కఠినతరమైనవి. 2007 సెప్టెంబరు నుండి అమెరికాలోని అన్ని కొత్త తేలిక వాహనాలలో పీడనము తగ్గినప్పుడు హెచ్చరించే దీపము ఉండవలెను.

గాలి పీడనము

సరియైన పీడనము చోదకుని తలుపు పక్కన అతికించిన పట్టికపై ఉంటుంది. టైరు పక్కగోడపై రాసినది గరిష్ఠ పీడనము. అది సిఫారసు కాదు. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు, అనగా వాహనము కొన్ని గంటలు కదలకుండా ఉన్న తరువాత కొలవాలి. ఉష్ణోగ్రత 5.6 డిగ్రీల సెల్సియస్ మారినప్పుడు పీడనము సుమారు 1 పి.ఎస్.ఐ. మారుతుంది. ఎండాకాలములో టైరు పేలుతుందన్న భయముతో గాలి తగ్గించి కొట్టించే అలవాటు కొందరిలో ఉన్నది. ఇది ప్రమాదకరము. తక్కువ గాలి వలననే టైరు అధికముగా వేడెక్కుతుంది.

హెచ్చరిక దీపముపై పూర్తిగా ఆధారపడరాదు. అమెరికా ప్రమాణము ప్రకారము పీడనము 25 శాతము తగ్గిన తరువాత మాత్రమే అది వెలగవలసి ఉన్నది. 35 పి.ఎస్.ఐ. ఉండవలసిన టైరులో దీపము వెలిగే సరికి 26 మాత్రమే ఉండవచ్చును. నైట్రోజను నింపుటను టైరు దుకాణాలలో గొప్పగా చెబుతారు గాని, మామూలు గాలిలోనే 78 శాతము నైట్రోజను ఉన్నది. నెల నెలా పీడనము చూసుకొనేవారికి దాని వలన ఒరిగేది స్వల్పము.

వయస్సు

డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపుతాయి. 3519 అనగా 2019వ సంవత్సరము 35వ వారము. చివర మూడు అంకెలే ఉన్నచో ఆ టైరు 2000కు ముందు తయారైనది. రబ్బరు వాడకున్నా పాతబడుతుంది, వేడి ప్రదేశాలలో ఇంకా త్వరగా పాతబడుతుంది. పలు వాహన సంస్థలు ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా ఆరేళ్ళకు టైరు మార్చమని సూచిస్తాయి. కొన్ని టైరు సంస్థలు పదేళ్ళను గరిష్ఠ పరిమితిగా చెబుతాయి. ఎన్నడూ రోడ్డు తాకని స్టెప్నీకి సైతము ఇది వర్తిస్తుంది. చూపులకు కొత్తగా కనిపించే పదిహేనేళ్ళ స్టెప్నీని వేసుకొని హైవే ఎక్కటము అరిగిన టైరు కంటె అపాయకరము.

అరుగుదల విషయానికి వస్తే, ట్రెడ్ గాళ్ళ అడుగున ఉండే చిన్న అడ్డుకట్టలు ట్రెడ్ ఉపరితలముతో సమమైనప్పుడు లోతు 1.6 మి.మీ. మాత్రమే మిగిలినదని అర్థము. తడి రోడ్డుపై పట్టు అంతకు చాలా ముందే తగ్గుతుంది.

ఎన్ని టైర్లు మార్చాలి

నాలుగు చక్రాలకు ఎల్లప్పుడు శక్తి అందే వాహనాలలో నాలుగింటిని ఒకేసారి మార్చటము మేలు. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ కనుక ఎక్కువ సార్లు తిరుగుతుంది. ఈ తేడా వలన గేర్ల వ్యవస్థపై నిరంతరము ఒత్తిడి పడుతుంది. సుబారు సంస్థ నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళము మించరాదని చెబుతుంది. ఒక్క టైరు పాడైన సందర్భములో కొత్త టైరు ట్రెడ్‌ను మిగిలిన వాటితో సమముగా గీసి ఇచ్చే దుకాణాలు అమెరికాలో ఉన్నవి.

రెండింటిని మాత్రమే మార్చినప్పుడు కొత్తవి వెనుక వేయాలి. ముందు చక్రాలతో నడిచే వాహనమైనా ఇదే నియమము. తడి రోడ్డుపై ముందు టైర్లు జారితే వాహనము నేరుగా పోతుంది, వేగము తగ్గిస్తే తిరిగి అదుపులోనికి వస్తుంది. వెనుక టైర్లు జారితే వాహనము గిరగిరా తిరుగుతుంది.

నాణ్యతా శ్రేణులు

అమెరికాలో అమ్మే కారు టైర్లపై అరుగుదల, తడిలో పట్టు, వేడిని తట్టుకొనుట అనే మూడు శ్రేణులు ఉంటాయి. అరుగుదల పరీక్ష పశ్చిమ టెక్సాస్‌లోని 400 మైళ్ళ రోడ్డుపై మొత్తము 7,200 మైళ్ళు నడిపి చేస్తారు. కాని శ్రేణి సంఖ్యను నిర్ణయించేది తయారీదారే. కావున రెండు వేర్వేరు సంస్థల అరుగుదల సంఖ్యలను పోల్చటము అంత నమ్మదగినది కాదు. పట్టుకు ఎఎ, ఎ, బి, సి అనియు, వేడికి ఎ, బి, సి అనియు శ్రేణులు కలవు. ఎల్.టి. టైర్లకు, మంచు టైర్లకు ఈ శ్రేణులు వర్తించవు.

భారతదేశములో

భారతదేశములో వాహనాల టైర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేస్తూ 2009లో ఉత్తర్వు వెలువడినది. కార్ల టైర్లకు సంబంధించిన ప్రమాణము ఐ.ఎస్. 15633. తడి రోడ్డుపై పట్టు, దొర్లుడు నిరోధము, చప్పుడు అనే మూడు అంశాలపై కొత్త ప్రమాణాలను 2022లో ప్రకటించారు. 3.5 టన్నుల లోపు వాహనాలలో ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు సరిచేసే సామగ్రి, పీడన హెచ్చరిక వ్యవస్థ ఉన్నచో స్టెప్నీ లేకున్నా పర్వాలేదని 2020లో కేంద్ర ప్రభుత్వము అనుమతించినది.

తెలుగు రాష్ట్రాలలో టైర్ల తయారీ చెప్పుకోదగిన పరిశ్రమ. తెలంగాణలోని సదాశివపేటలో ఎమ్.ఆర్.ఎఫ్. కర్మాగారము కలదు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి సమీపమున చినపండూరు వద్ద అపోలో టైర్స్ కర్మాగారములో 2020లో ఉత్పత్తి మొదలైనది.