గద్దె దిగిన చర్చి

పాశ్చాత్య దేశాలలో చర్చి ప్రాభవం తగ్గిందనగానే, విజ్ఞానశాస్త్రమో నాస్తికతో అందుకు కారణమని తేల్చివేయడం పరిపాటి. మా చీడికాడ వారికి దగ్గరి రేవైన విశాఖపట్నం చరిత్రను తిరగవేస్తే ఇంకొక కారణం కూడా కనిపిస్తుంది.

1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరి, ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయ పూనుకొన్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించినా, మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. వారిని పంపినది 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ. దానికి ముఖ్యంగా అండగా నిలిచినవారు కాంగ్రిగేషనలిస్టులు. అంటే ఇంగ్లండు అధికార చర్చికి వెలుపలి భక్తులు.

ఆ భక్తులకు స్వదేశంలో సమాన హక్కులు లేవు. 1753 నాటి చట్టం ప్రకారం, యూదులు, క్వేకర్లు మినహా తక్కినవారి పెళ్ళి అధికార చర్చిలో జరిగితేనే చెల్లేది. ఆక్స్‌ఫర్డ్ పట్టా కావాలంటే ఆ చర్చి సిద్ధాంతాలకు సమ్మతి తెలపాలి. కనుక ప్రభుత్వాన్ని మతం నుండి విడదీయమని గట్టిగా కోరినవారిలో వీరూ ఉన్నారు. 1837లో పౌర వివాహాలు, ప్రభుత్వమే జనన మరణాలను నమోదు చేయడం మొదలయ్యాయి. 1870లో ప్రజల పన్నుతో నడిచే బడులకు దారి ఏర్పడింది. 1871లో విశ్వవిద్యాలయాలలో మత నిబంధనలు చాలావరకు తొలగాయి. అధికార చర్చిని గద్దె దించిన చేతులలో ప్రార్థనకు జోడించిన చేతులూ ఉన్నాయన్నమాట.

అయితే గద్దెతోపాటు జనమూ తగ్గారు. ఇంగ్లండు, వేల్సులలో తాము క్రైస్తవులమని చెప్పుకొన్నవారు 2001లో 71.7 శాతం కాగా, 2021 నాటికి 46.2 శాతమే.

దక్షిణ భారతంలో బిషప్పుగా పనిచేసిన లెస్లీ న్యూబిగిన్ 1974లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, బర్మింగ్‌హామ్‌లో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్నారు. ఇకపై సువార్త పని పడమటి దేశాలలో కూడా జరగాలని వాదించారు. 1977లో లండన్ సొసైటీ వారసులు కౌన్సిల్ ఫర్ వరల్డ్ మిషన్‌గా మారి, పంపే సంఘాలు, అందుకొనే సంఘాలు అన్న తేడాను తొలగించుకొన్నారు.

అల్పసంఖ్యాకులుగా ఉంటూ, ఇరుగుపొరుగుతో కలిసి మెలిసి, చట్టం బలంతో కాక నడత బలంతో నిలవడం మన పల్లెల సంఘాలకు తెలిసిన విద్యే. దానిని ఆంగ్లేయుల చర్చి ఇప్పుడు నేర్చుకోవలసి వచ్చింది. రాజ్యం అండతో మతం వర్ధిల్లుతుందని ఏ మతం వారు తలచినా, ఈ రెండు శతాబ్దాల కథను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.