పొయ్యిలో కట్టె ఎవరిది? చలికాలపు నిప్పు వెనక మన చరిత్ర



చలి అనగానే అందరూ లంబసింగి పేరే చెప్తారు. మన తిరువూరులో చలి ఎక్కడిది అంటారు. నిజమే, ఇక్కడ ఎండలే ఎక్కువ. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తడిక గోడల ఇంట్లో పడుకునే ముసలివాళ్లని అడిగి చూడండి. ఎ.కొండూరు వైపు మన తండాల్లో అయినా, సరిహద్దు అవతల దమ్మపేట, అశ్వారావుపేట గూడేల్లో అయినా ఆ చలికి మందు నిప్పే. వాకిట్లో నెగడు, ఇంట్లో పొయ్యి, బాలింత మంచం దగ్గర కుంపటి. ఆ నిప్పు గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ మనం చదవలేదు. అందుకే ఈ పోస్టు.

చలికాలం పని ఎండాకాలంలోనే మొదలవుద్ది. ఎండి రాలిన కట్టెని వానలు పడకముందే ఇంటికి చేర్చాలి. పచ్చికట్టె మండితే దాని వేడంతా లోపలి తడిని ఆవిరి చేయడానికే పోతుంది, మనకి మిగిలేది పొగే. అందుకే కొంత కట్టె పొయ్యి పైన అటక మీద పేర్చేవాళ్లు. కింది సెగకి అది ఇంకా ఎండేది. అదే పొగ పక్కన వేలాడదీసిన విత్తనాల కంకులకి పురుగు పట్టకుండా కాపాడేది.

పొయ్యి వేయడానికి పుట్టమన్ను తెచ్చి, ఊకో తరిగిన గడ్డో కలిపి, బాగా తొక్కి నానబెట్టాలి. వేసిన పొయ్యిని నీడలోనే ఆరనివ్వాలి, ఎండకి పెడితే పగుళ్లిస్తుంది. వానలు వెళ్లాక పగుళ్లు పూడ్చి పేడతో అలకాలి. రోజూ పొద్దున్నే బూడిద తీయాలి, లేకపోతే గాలి ఆడదు. రాత్రి నిప్పుకణికల మీద బూడిద కప్పితే తెల్లారికి లోపల నిప్పు బతికే ఉంటది. ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే చాలు. ఈ పనుల్లో ఎక్కువ భాగం మన అమ్మలు, నానమ్మలే చేశారు. చరిత్రలో వాళ్ల పేర్లు లేవు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బ్రిటిష్ కాలంలో తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కొద్ది దూరం పోతే నిజాం రాజ్యం. ఇటువైపు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వ్ ఫారెస్టుగా గీత గీసిన చోట అనుమతి లేకుండా చెట్టు కొట్టడమే కాదు, అడవి సరుకు ఏరుకోవడం, పశువుల్ని మేపడం, ఆఖరికి నిప్పు రాజేయడం కూడా నేరమైంది. నిన్నటిదాకా ఇంటి పని అయినది ఇవాళ కేసు అయింది. మన్యంలో పోడు మీద పెట్టిన ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టిచాకిరీ కలిసి రగిలిన కోపమే 1922-24 తిరుగుబాటు. అల్లూరి పేరు అందరికీ తెలుసు. పక్కన నడిచిన గాం మల్లుదొర, గంటందొర పేర్లు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

అడవిని పాడుచేసేది ఆదివాసీ కట్టెమోపేనని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కానీ ఆ రోజుల్లో రైలు పట్టాల కింద స్లీపర్లకి అడవులు నరికారు. మద్రాసు వైపు రైలింజన్లలో కట్టెలే కాల్చారు. లంబాడీల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసే వ్యాపారాన్ని దెబ్బతీసింది కూడా ఆ రైలూ, రోడ్లే. 1871లో ఎల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు. తర్వాత గనులొచ్చాయి. కోయల నేల కింది నిప్పు దేశానికి కరెంటు అయింది. గూడెంలో ఆడబిడ్డ నెత్తి మీద మాత్రం కట్టెమోపు అలాగే ఉండిపోయింది.

2006 అటవీ హక్కుల చట్టం ఈ అన్యాయాన్ని ఒప్పుకున్న చట్టం. దాని 3వ సెక్షన్‌లో నిస్తార్ లాంటి సాముదాయిక హక్కులున్నాయి. ఇంటి అవసరాలకి అడవిని వాడుకునే పాత హక్కు అందులోకే వస్తుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో పొదల పుల్లలు, మోళ్లు కూడా ఉన్నాయి. మనది షెడ్యూల్డ్ ఏరియా కాకపోయినా ఈ చట్టం వర్తిస్తుంది. వ్యక్తిగత పట్టాకి ఫారం-ఎ గురించి అందరూ అడుగుతారు. సాముదాయిక హక్కుకి ఫారం-బి ఉందని ఎంతమందికి తెలుసు?

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. పొయ్యిని పొగిడి పొగని దాచకూడదు. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి, గ్యాస్ రావడం మంచిదే. అయితే గ్యాస్ కూర వండుతుంది గానీ చలికి గదిని కాయదు. అందుకే వంటింట్లో సిలిండర్ ఉన్నా పెరట్లో నీళ్లపొయ్యి, వాకిట్లో నెగడు పోలేదు. వాటిలోకి ఇప్పుడు పత్తికట్టె, మిరపకట్టె, సుబాబుల్ వస్తున్నాయి. లోపల కుంపటి పెట్టి తలుపులు బిడాయించి మాత్రం ఎవరినీ పడుకోనివ్వకండి. ఆ గాలి ప్రాణం తీస్తుంది.

గ్యాస్ కావాలా, కట్టె కావాలా అని మనల్ని అడుగుతుంటారు. రెండూ మన హక్కే. ఈ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నానమ్మ పక్కన కూర్చుని మూడు సంగతులు అడగండి: ఏ కట్టె పొయ్యికి మంచిది, ఏ చెట్టు జోలికి పోకూడదు, కట్టె కోసం ఎక్కడిదాకా నడిచేవాళ్లు. విన్నది విన్నట్టు రాసిపెట్టండి. అడవిని వాడుకున్నామని చెప్పే పెద్దల వాంగ్మూలం హక్కుల దరఖాస్తులో సాక్ష్యంగా పనికొస్తుంది.