లాటరీ, పందేల గెలుపులపై ఆదాయపు పన్ను

లాటరీ, పందేల గెలుపులపై ఆదాయపు పన్ను అనగా భారతదేశంలో లాటరీలు, పదకేళీ పోటీలు, గుర్రప్పందాలు, పేకాట, ఇతర ఆటలు, జూదము, పందేలు మొదలైన వాటిలో గెలుచుకున్న సొమ్ముపై కేంద్ర ప్రభుత్వం విధించే పన్ను. జీతము, వ్యాపారము వంటి ఇతర ఆదాయాలకు వర్తించే శ్లాబులు దీనికి వర్తించవు. గెలిచిన మొత్తం ఎంత చిన్నదైనా, గెలిచినవారు ఎంత పేదవారైనా పన్ను రేటు 30 శాతమే. ఈ పన్నుకు ఉన్న ప్రధాన లక్షణం, తరచుగా అపార్థానికి గురయ్యేది కూడా, నష్టాల విషయం: గెలుపుపై పన్ను ఉన్నది కానీ ఓటమికి లెక్కలో చోటు లేదు. 2023లో ఆన్‌లైను ఆటలకు మాత్రమే దీనికి కొంత భిన్నమైన పద్ధతి వచ్చినది.

చరిత్ర

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం మొదట్లో ఇటువంటి గెలుపులను ఆదాయంగా చూడలేదు. అనుకోకుండా, ఒక్కసారిగా చేతికి వచ్చే సొమ్ము పన్ను పరిధిలోకి రాదన్నది అప్పటి సూత్రం. దీని వలన ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడినది. లెక్క చూపలేని డబ్బు ఉన్నవారు దానిని గుర్రప్పందాలలో గెలిచినట్లు చెప్పుకొంటే పన్ను లేకుండానే ఆ డబ్బు సక్రమమైపోయేది. గెలిచిన టికెట్టును అసలు విజేత వద్ద కొంత ఎక్కువ ధరకు కొనుక్కొనడం కూడా జరిగేదని ప్రతీతి.

1972 ఆర్థిక చట్టం ఈ దారిని మూసివేసినది. ఆదాయం అనే పదపు నిర్వచనంలో లాటరీలు, పదకేళీలు, గుర్రప్పందాలతో సహా అన్ని పందేలు, పేకాట, ఇతర ఆటలు, ఏ రూపంలోని జూదమైనా చేర్చబడినవి. ఈ మార్పు నేపథ్యం సుమతి దయాళ్ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు రేసు క్లబ్బులలో జాక్‌పాట్లు వరుసగా గెలిచానని ఆ కేసులోని పన్ను చెల్లింపుదారు చెప్పగా, 1995లో సుప్రీం కోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. క్లబ్బులు ఇచ్చిన పత్రాలు ఉన్నప్పటికీ, మనిషి అనుభవంలో సంభవమా కాదా అన్నది చూడవలసి ఉంటుందని చెప్పినది. గెలుపులపై పన్ను వచ్చిన తరువాత పందేలు ఆడటం ఆగిపోవడాన్ని కూడా ఆ కేసులో పరిగణనలోకి తీసుకున్నారు. లెక్క తేలని నగదు కేసులలో న్యాయవాదులు, అధికారులు ఈనాటికీ ఈ తీర్పును ఉదహరిస్తుంటారు.

1986 ఆర్థిక చట్టం ద్వారా 115బిబి సెక్షను వచ్చినది. మొదట రేటు 40 శాతం. తరువాత 30 శాతానికి తగ్గించబడినది. అదే 1986 చట్టం 58వ సెక్షనుకు నాలుగవ ఉపవిభాగాన్ని చేర్చినది. ఖర్చులు, నష్టాలు మినహాయించకూడదన్న నిషేధానికి మూలం ఇదే.

2000లో కౌన్ బనేగా కరోడ్‌పతి టెలివిజనులో ప్రసారం కావడంతో, ఇటువంటి కార్యక్రమాలలో వచ్చే బహుమతి ఆటలో గెలుపా కాదా అన్న సందేహానికి తావిచ్చినది. 2001 ఆర్థిక చట్టం ఒక వివరణ చేర్చి టెలివిజను ఆటల పోటీలు కూడా ఇందులోకే వస్తాయని తేల్చినది. కనుక 2014లో మొదలైన మీలో ఎవరు కోటీశ్వరుడు కార్యక్రమపు విజేతలకు కూడా ఇదే నియమం వర్తించినది.

2026 ఏప్రిల్ 1 నుండి 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలులోకి వచ్చినది. సెక్షన్ల సంఖ్యలు మారినవి కానీ ఈ ఆదాయంపై 30 శాతం రేటు కొనసాగినది. ఈ వ్యాసంలోని సెక్షన్ల సంఖ్యలు 1961 చట్టానివి.

ఏది గెలుపు, ఏది కాదు

నైపుణ్యంతో గెలిచినది పందెపు గెలుపు కాదని, అందువలన పన్ను లేదని కొందరు భావిస్తారు. ఇది పొరపాటు. ఒక ఆట జూదమా కాదా అన్నది గేమింగు చట్టాల ప్రశ్న. గెలిచిన సొమ్ము ఆదాయమా కాదా అన్నది వేరు ప్రశ్న. సికిందరాబాదుకు చెందిన ఒక క్లబ్బు విషయంలో వచ్చిన ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం - కె. సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీం కోర్టు చెప్పినది. గుర్రప్పందాల గురించి 1996లో లక్ష్మణన్ కేసులో అదే విధంగా చెప్పినది. అయినను రమ్మీలో గెలిచినా, రేసులో గెలిచినా పన్ను తప్పదు, ఎందుకంటే పన్ను చట్టంలో పేకాట, గుర్రప్పందాలు పేరు పెట్టి మరీ చేర్చబడినవి.

ఈ నిర్వచనంలో ఇమడనంత మాత్రాన పన్ను ఉండదని కూడా అనుకోరాదు. జి.ఆర్. కార్తికేయన్ అఖిల భారత మోటారు ర్యాలీలో గెలిచిన 22,000 రూపాయల విషయంలో ర్యాలీ అనేది జూదము లేదా పందెము కాదని సుప్రీం కోర్టు 1993లో అంగీకరించింది. కానీ ఆదాయం అనే పదానికి ఉన్న సామాన్యార్థం చాలా విశాలమని చెప్పి ఆ సొమ్ముపై పన్ను సక్రమమేనని తీర్పు ఇచ్చినది.

చట్టవిరుద్ధమైన పందేల సంగతి కూడా ఇంతే. గోదావరి జిల్లాలలో సంక్రాంతికి జరిగే కోడిపందాలపై పందెం కాయడం నేరమే. అయితే ఆదాయం వచ్చిన మార్గం చట్టబద్ధమా కాదా అన్న దానితో ఆదాయపు పన్నుకు సంబంధం లేదు. పైగా 2017 నుండి రెండు లక్షల రూపాయలు లేదా అంతకు మించిన నగదును ఒక వ్యక్తి నుండి ఒక రోజులోగాని, ఒకే లావాదేవీకిగాని పుచ్చుకొనడం నిషిద్ధం. పుచ్చుకొన్న మొత్తమంతా జరిమానాగా పోవచ్చును.

పన్ను లెక్కింపు

గెలిచిన మొత్తంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం అవుతుంది. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌ఛార్జి అదనం. పన్ను లేని కనీస ఆదాయ పరిమితిని ఈ గెలుపులకు వాడుకొనరాదు. 80సి వంటి తగ్గింపులు వర్తించవు. కొత్త పన్ను విధానంలో 87ఎ రాయితీ కూడా ఈ ఆదాయంపై పన్నుకు వర్తించదని 2025 ఆర్థిక చట్టం స్పష్టం చేసినది. ఉదాహరణకు 2025-26లో కొత్త విధానంలో ఉన్న ఒక వ్యవసాయ కూలీకి వేరే పన్ను ఆదాయమేమీ లేకుండా లక్ష రూపాయల లాటరీ తగిలితే 31,200 రూపాయలు పన్నుగా పోవును. అంతే మొత్తం కూలీగా సంపాదించి ఉంటే పన్ను సున్నా.

పన్నులో అధిక భాగాన్ని బహుమతి ఇచ్చేవారే ముందుగా కోసుకొని ప్రభుత్వానికి జమ చేస్తారు. దీనినే టీడీఎస్ అంటారు. లాటరీ, పేకాట మొదలైన వాటికి 194బి, గుర్రప్పందాలకు 194బిబి సెక్షన్లు ఉన్నవి. బహుమతి 10,000 రూపాయలు దాటినప్పుడే కోత ఉంటుంది. 2025 ఏప్రిల్ 1 నుండి ఈ పరిమితిని సంవత్సరం మొత్తానికి గాక ఒక్కొక్క లావాదేవీకి చూస్తున్నారు. 10,000 లోపు గెలుపుకు కోత లేదన్నంత మాత్రాన పన్ను లేదని కాదు; ఆ మొత్తాన్ని రిటర్నులో చూపి పన్ను స్వయంగా కట్టవలసి ఉంటుంది.

పెద్ద బహుమతులలో మరొక చిక్కు కలదు. భారతదేశంలో నివసించేవారి విషయంలో టీడీఎస్ 30 శాతమే. సర్‌ఛార్జి, సెస్సు అందులో ఉండవు. కోటి రూపాయలు గెలిచి, వేరే ఆదాయం లేని వ్యక్తికి పన్ను 30 లక్షలు, దానిపై 10 శాతం సర్‌ఛార్జి 3 లక్షలు, ఈ రెంటిపై సెస్సు 1.32 లక్షలు, మొత్తం 34.32 లక్షలు అవుతుంది. బహుమతి ఇచ్చేటప్పుడు కోసినది 30 లక్షలే కనుక మిగిలిన 4.32 లక్షలు విజేత కట్టుకొనవలెను. చేతికి వచ్చిన 70 లక్షలూ తనవేననుకొని ఖర్చు చేసినవారికి మరుసటి సంవత్సరం నోటీసు వచ్చేది ఇందువల్లనే.

బహుమతి కారు వంటి వస్తువైతే దాని విలువపై పన్ను జమ అయినదని రూఢి చేసుకొన్న తరువాతే నిర్వాహకులు వస్తువును అప్పగించవలెను. నగదు బహుమతిలో ఈ అవసరం రాదు, పన్ను ఆ నగదులోనుండే కోయబడుతుంది. కావున లాటరీ తగిలినదని, ముందుగా పన్ను పంపితే డబ్బు విడుదల చేస్తామని ఫోనులో చెప్పేవారు మోసగాళ్ళని గ్రహించవచ్చును.

నష్టాలు

పది వేల రూపాయల టికెట్లు కొని ఎనిమిది వేల బహుమతి గెలిచిన వ్యక్తి వాస్తవంలో రెండు వేలు పోగొట్టుకున్నాడు. కానీ పన్ను చట్టం దృష్టిలో అతని ఆదాయం ఎనిమిది వేలు. టికెట్ల ఖర్చు తీసివేయడానికి వీలులేదు. ఒక రేసులో పోయినది మరొక రేసులో వచ్చిన దానిలోనుండి తగ్గించుకొనుటకు, వ్యాపార నష్టాన్ని లాటరీ గెలుపుతో సర్దుబాటు చేసుకొనుటకు, నష్టాన్ని వచ్చే సంవత్సరానికి తీసుకొనిపోవుటకు కూడా అవకాశం లేదు.

దీనితో పోల్చదగిన విషయం 1980 నాటి పియారా సింగ్ కేసు. బంగారం దొంగరవాణా కోసం సరిహద్దు దాటిస్తూ పట్టుబడిన కరెన్సీని ప్రభుత్వం జప్తు చేయగా, ఆ మొత్తాన్ని అతని దొంగరవాణా వ్యాపారపు నష్టంగా తగ్గించవలెనని సుప్రీం కోర్టు చెప్పినది. ఆ విధంగా ఒక దొంగరవాణాదారుకు దక్కిన సౌలభ్యం ప్రభుత్వ లాటరీ టికెట్టు కొన్నవారికి దక్కలేదు.

ఈ నియమం నుండి మినహాయింపు పందెపు గుర్రాల యజమానులకు ఉన్నది. గుర్రాన్ని పెంచి పరుగుపందాలలో దింపే యజమాని దాని పోషణకు అయిన నష్టాన్ని, అదే విధమైన ఆదాయంతో మాత్రమే, నాలుగు సంవత్సరాల వరకు సర్దుబాటు చేసుకొనవచ్చును. ఆ గుర్రంపై పందెం కాసినవారికి ఈ వీలు లేదు.

ఆన్‌లైను ఆటలు

2023 ఆర్థిక చట్టం ఆన్‌లైను ఆటలను వేరు చేసి 115బిబిజె, 194బిఎ సెక్షన్లను ఏర్పరచినది. రేటు 30 శాతమే కానీ లెక్కించేది నికర గెలుపుపై. ఖాతానుండి తీసుకొన్న మొత్తంలోనుండి ఆ సంవత్సరం ఆటగాడు వేసిన సొమ్మును, సంవత్సరారంభంలో ఖాతాలో ఉన్న నిల్వను తీసివేస్తే వచ్చేది నికర గెలుపు. 20,000 వేసి 50,000 తీసుకొన్న వ్యక్తి గెలుపు 30,000, కోత 9,000. సంవత్సరాంతంలో ఖాతాలో మిగిలిన సొమ్మును కూడా తీసుకొన్నట్లే భావిస్తారు. ఇక్కడ 10,000 పరిమితి లేదు.

ఈ విధంగా ఒకే సంస్థలో ఒకే సంవత్సరంలో వచ్చిన ఓటములు గెలుపులో కలిసిపోతాయి. అయితే టీడీఎస్ కోతలో వేరొక సంస్థలో పోయిన డబ్బును లెక్కలోకి తీసుకొనరు. గత సంవత్సరపు నష్టం కూడా కలవదు.

తెలంగాణలో 2017లోను, ఆంధ్ర ప్రదేశ్‌లో 2020లోను డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలు నిషేధించబడినవి. దేశమంతటికీ వర్తించే నిషేధ చట్టం 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందగా, ప్రధాన సంస్థలు డబ్బు ఆటలను నిలిపివేసినవి. అంతకు ముందు గెలిచిన సొమ్ముపై పన్ను బాధ్యత మాత్రం దీనితో తొలగిపోలేదు.

రిటర్నులో చూపుట

ఈ ఆదాయాన్ని ఇతర మార్గాల ద్వారా వచ్చిన ఆదాయం అనే శీర్షిక క్రింద చూపవలెను. లాటరీ గెలుపు ఉన్నవారు సులువైన ఐటీఆర్-1 పత్రాన్ని వాడరాదు. జీతగాళ్ళు సాధారణంగా ఐటీఆర్-2 వాడవలసి వస్తుంది. కోసిన పన్ను వివరాలు 26ఎఎస్ పత్రంలోను, వార్షిక సమాచార పత్రంలోను కనిపిస్తాయి. శాఖ వద్ద కూడా ఇదే సమాచారం ఉంటుంది గనుక, పన్ను ఎలాగూ కోశారు కదా అని గెలుపును రిటర్నులో చూపకపోతే తేడా వెంటనే బయటపడుతుంది. గెలుపు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, వచ్చిన తరువాతి వాయిదాలలో ముందస్తు పన్ను కట్టినవారికి అంతకు ముందు వాయిదాల ఆలస్యానికి వడ్డీ పడదు.

విదేశాలలో గెలుపులు

భారతదేశ నివాసికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్నుకు లోబడినదే. లాస్ వేగాస్‌లో గెలిచి అక్కడ పన్ను కట్టినవారు ఆ మేరకు ఇక్కడ తగ్గింపు కోరవచ్చును. లాటరీ టికెట్లు కొనుటకు విదేశాలకు డబ్బు పంపడాన్ని మాత్రం విదేశీ మారకద్రవ్య నిబంధనలు నిషేధించినవి. దుబాయి, అబుదాబిలలో పనిచేస్తూ ప్రవాసులుగా ఉన్న తెలుగువారు అక్కడ గెలిచిన లాటరీపై భారతదేశంలో పన్ను ఉండదు. ఆ సొమ్మును తరువాత ఇంటికి పంపినా పన్ను పడదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి నివాసులు ఖర్చుల జాబితా విడిగా ఇచ్చినచో గెలుపుల మేరకు నష్టాలను తగ్గించుకొనవచ్చును. 2025 నాటి చట్టం దీనిని కుదించి, 2026 నుండి నష్టాలలో 90 శాతాన్నే అనుమతించినది. లక్ష డాలర్లు గెలిచి లక్ష డాలర్లు పోగొట్టుకున్నవారు కూడా పది వేల డాలర్లపై పన్ను కట్టవలసి రావచ్చును. పన్ను చట్టం దృష్టిలో ఇంకా నివాసులు కాని విద్యార్థులకు ఈ తగ్గింపు లేదు, వారి స్లాట్ యంత్రపు గెలుపులలో 30 శాతం అక్కడికక్కడే కోయబడుతుంది. బ్లాక్‌జాక్, రూలెట్ వంటి కొన్ని ఆటల గెలుపులు మాత్రం వారికి ఈ పన్ను నుండి మినహాయించబడినవి.