కరువు రైలు, క్యూలో ఊళ్లు

ఓ చిన్న క్విజ్‌తో మొదలెడదాం. ప్రకాశం జిల్లా అని మనం ఏళ్ల తరబడి అలవాటుగా పిలిచిన ప్రాంతంలో రైలు ముందు ఏ ఊరికి వచ్చింది? ఒంగోలుకా, మార్కాపురానికా?

చాలామంది ఒంగోలనే అంటారు. కోస్తా ఊరు, మద్రాసు-కలకత్తా దారి, జిల్లా కేంద్రం, ఇంకేం కావాలి? కానీ బెజవాడ-గూడూరు మధ్య పట్టాలు కలిసి ఒంగోలు మీదుగా మద్రాసుకి రైలు నడిచింది 1899లో. నంద్యాల నుంచి నల్లమల అడవి దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ, వినుకొండ మీదుగా గుంటూరు, బెజవాడ చేరే మీటరుగేజి లైను 1890 నాటికే పూర్తయిపోయింది. అంటే ఈ రోజు "వెనకబడ్డ పశ్చిమ ప్రకాశం" అని మనం జాలిపడే ఊళ్లకి, ముందుబడ్డ ఒంగోలు కన్నా తొమ్మిదేళ్ల ముందే రైలొచ్చింది.

ఇదెలా జరిగిందో తెలియాలంటే ఒక పాత ప్రశ్న దగ్గరికెళ్లాలి. డబ్బు తక్కువ, కావాల్సిన పనులు ఎక్కువ. అలాంటప్పుడు ఏది ముందు కట్టాలి? ఎవరు చెప్పాలి? ఏ కొలతతో చెప్పాలి?

1876-78 నాటి కరువుని మనవాళ్లు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. మద్రాసు రాజధానిలో దాని దెబ్బ బాగా పడ్డ జిల్లాల్లో కర్నూలు ఒకటి. కంభం, మార్కాపురం తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లావే. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. జనాభా మామూలుగా పెరగాల్సిన పదేళ్లలో జరిగిన తగ్గుదల ఇది.

దేశంలో ఎక్కడా గింజలు లేక జరిగిన చావులు కావివి. మద్రాసు రేవుకి ఓడల్లో ధాన్యం వచ్చింది. మద్రాసు-రాయచూరు రైలు 1871కే తయారుగా ఉంది, గుంతకల్లు, గుత్తి దాకా బస్తాలు చేరాయి. చిక్కంతా స్టేషను నుంచి ఊరికి. అక్కడ్నించి మోయాల్సింది ఎద్దులబండి. కరువులో గడ్డి ఉండదు, నీళ్లుండవు. మనుషులకన్నా ముందు ఎద్దులు చచ్చాయి. బతికున్న ఎద్దులు కూడా అంత దూరం నడవాలంటే వాటి మేతని కూడా అవే మొయ్యాలి. కొంత దూరం దాటాక బండిలో మిగిలేదేంటి చెప్పండి? కంభం లాంటి ఊరికైతే పడమటి నుంచి రావాలంటే నంది కనుమ ఎక్కి నల్లమల దాటాలి. ఇదేమీ దేవుడి శాపం కాదు, ఉత్త లాజిస్టిక్స్ సమస్య.

కరువయ్యాక రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కమిషన్ వేశారు. 1880లో రిపోర్టు వచ్చింది. ఇంకో ఐదు వేల మైళ్ల రైలు పట్టాలు త్వరగా వెయ్యాలంది. ఇక్కడ అసలు సంగతి మైళ్లు కాదు, కొలత. అప్పటిదాకా పబ్లిక్ వర్క్స్‌కి ఒకటే పరీక్ష: పెట్టిన డబ్బుకి వడ్డీ అయినా తిరిగొస్తుందా? ఆ పరీక్షలో నల్లమల కొండల్లో రైలు ఏ జన్మకీ పాసవదు. కరువు తర్వాత పనుల్ని రెండు ఖాతాలుగా విడగొట్టారు. లాభమొచ్చేవి ఒకటి, ప్రాణం కాపాడేవి రెండోది. వాళ్ల భాషలో ప్రొడక్టివ్, ప్రొటెక్టివ్. రెండో ఖాతాకి కరువు నిధి నుంచి విడిగా డబ్బు. బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే అని పిలిచిన మన లైను ఈ రెండో ఖాతాలో పుట్టింది. కట్టాక నడిపే పని సదరన్ మరాఠా రైల్వేకి అప్పగించారు.

రిపోర్టుకీ రైలుకీ మధ్య పదేళ్లు. బుల్డోజర్లు లేవు, అడవిలో మలేరియా, కొండల్లో సొరంగాలు, బొగద అన్న మాట ఒక స్టేషన్ పేరైపోయింది. లోయ మీద ఎత్తైన ఇనప స్తంభాలతో దొరబావి వంతెన. ఇంత కష్టమైన పనిని పదేళ్లలో ముగించారు, ఎందుకంటే కొలత మారింది, డబ్బు విడిగా కట్టిపెట్టారు.

ఆగండాగండి, తెల్లదొరల్ని మెచ్చుకుంటున్నాననుకోకండి. ఇదే లైను పడమట గోవాలోని మోర్ముగావ్ రేవుని తూర్పున బెజవాడతో కలిపింది. పత్తికీ, సైన్యానికీ కూడా పనికొచ్చింది. పైగా రైలు రెండువైపులా నడుస్తుంది. గింజలు తెచ్చినట్టే పట్టుకుపోతుంది కూడా. స్టేషన్లో బస్తాలున్నా కొనుక్కోవడానికి జేబులో డబ్బు లేకపోతే ఆకలి ఆకలే.

అసలు రైలు ముందా నీళ్లు ముందా అన్న గొడవ అప్పుడే జరిగింది. సర్ ఆర్థర్ కాటన్ 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా తన పాత వాదనే వినిపించాడు. రైళ్లకి తగలేసే డబ్బు కాలవలకి పెట్టండి, పంటా పండుతుంది, పడవలూ నడుస్తాయి అని. తర్వాత రొమేశ్ చందర్ దత్ కూడా రైళ్ల మీద ఖర్చుకీ సేద్యపు నీటి మీద ఖర్చుకీ ఉన్న తేడా చూపించి దులిపేశాడు. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ తుడిచిపెట్టుకుపోయింది. ఆ కాలపు కరువుల తర్వాత కోస్తాకి ఆనకట్టలొచ్చాయి. ధాత కరువు తర్వాత నల్లమల పక్కకి పట్టాలొచ్చాయి. ఒకరికి గింజ పండించుకునే ఏర్పాటు, ఇంకొకరికి గింజ తెచ్చిపెట్టే ఏర్పాటు. నూట ముప్ఫై ఏళ్లు పోయాక ఈ రెండు ప్రాంతాల మధ్య తేడా చూస్తే ఆ నిర్ణయం బరువెంతో తెలుస్తుంది. కంభం చెరువు లాంటిది ఒకటి ఎప్పుడో విజయనగర కాలం వాళ్లు గుండ్లకమ్మ మీద కట్టిపెట్టారు కాబట్టి ఆ కాస్త పచ్చదనం.

కాబట్టి కొలత మంచిదైనా ఒకే కొలత చాలదు. ఇది గుర్తుపెట్టుకుని ముందుకెళ్దాం.

1970లో కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల నుంచి తలా ఓ ముక్క తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి. ఒక జిల్లా తోకల్ని కత్తిరించి ఇంకో జిల్లాకి తోకగా కుట్టినట్టయింది. రైలు మాత్రం పాతదే. మార్కాపురం నుంచి జిల్లా కేంద్రానికి రైల్లో వెళ్లాలంటే గుంటూరు, తెనాలి చుట్టి ఒంగోలు రావాలి. ఎవరెళ్తారండీ? కలెక్టరాఫీసుకైనా పెద్దాసుపత్రికైనా బస్సే దిక్కు. 1990ల్లో యూనిగేజ్ పథకంలో పాత లైను బ్రాడ్‌గేజి అయింది. దొరబావి వంతెన పక్కన పడింది, మీటరుగేజి రోజుల్లో లోకోషెడ్డుతో కళకళలాడిన దొనకొండ చిన్నబోయింది. కనిగిరి, పొదిలి, పామూరు వాళ్లకైతే చిన్నబోవడానికి అసలు రైలంటూ ఉంటేగా.

వాళ్ల కోసమే నడికుడి-శ్రీకాళహస్తి లైను. దశాబ్దాల అడుగులాట తర్వాత 2011-12 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. 309 కిలోమీటర్లు. అప్పటి అంచనా సుమారు 2,289 కోట్లు. సగం ఖర్చు రాష్ట్రానిది, భూమి కూడా రాష్ట్రమే ఉచితంగా ఇవ్వాలి.

1880-1890 లెక్కతో పోల్చండి. ఆ వేగంతో అయితే 2021కల్లా రైలు శ్రీకాళహస్తిలో కూత వెయ్యాలి. జరిగిందేంటంటే ముందు పిడుగురాళ్ల-శావల్యాపురం 46 కిలోమీటర్లు అయింది. తర్వాత గుండ్లకమ్మ-దర్శి 27 కిలోమీటర్లు. దర్శి దాటి దక్షిణంగా పనులు సాగుతున్నాయి.

ఎందుకింత ఆలస్యం అంటే మనవాళ్ల మీద పగబట్టి కాదు. 2014 జులైలో అప్పటి రైల్వే మంత్రి సదానంద గౌడ బడ్జెట్ ప్రసంగంలోనే లెక్క చెప్పారు. ముప్ఫై ఏళ్లలో 676 ప్రాజెక్టులు మంజూరు, అయినవి 317. మిగిలిన 359 పూర్తి చెయ్యాలంటే 1,82,000 కోట్లు. అంతకుముందు పదేళ్లలో మంజూరైన 99 కొత్త లైన్లలో పూర్తయింది ఒక్కటి. అక్షరాలా ఒక్కటి!

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ జబ్బు బాగా తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో దీనికి పేరు కూడా ఉంది - స్టార్వేషన్. ప్రాసెసర్ ఎప్పుడూ ఎక్కువ ప్రయారిటీ ఉన్న పనే ముందు చేస్తుంది. అలాంటి పనులు వస్తూనే ఉంటే తక్కువ ప్రయారిటీ పని వంతు ఎప్పటికీ రాదు. ఎంఐటీలో 1973లో ఒక ఐబీఎం 7094 మెషీన్ని మూసేస్తుంటే, 1967లో ఇచ్చిన పని ఒకటి ఇంకా క్యూలోనే కనబడిందని ఒక పుకారుని పుస్తకాల్లో చెప్తుంటారు. నిజమో అబద్ధమో గానీ, కనిగిరి వాళ్లకి చెప్తే వెంటనే నమ్ముతారు.

ఈ జబ్బుకి మందు కూడా అదే పాఠంలో ఉంది. ఏజింగ్. పని క్యూలో ఎంతసేపు నిలబడితే దాని ప్రయారిటీ అంత పెంచుతూ పోవడం. చివరికి ఎంత చిన్న పనికైనా వంతు వచ్చి తీరుతుంది. రెండు లైన్ల కోడ్.

మన ప్రాజెక్టుల క్యూలో ఇది లేదు. పైగా ఉల్టా. 2000ల్లో కొత్త లైనుకి 14 శాతం రాబడి రావాలని రైల్వే గీత గీసుకుంది. మెట్ట ప్రాంతంలో ఏ లైనూ ఆ గీత దాటదు. అయినా ఒత్తిడి వల్ల మంజూరు చేస్తారు, ఏటా కాస్త విదిలిస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ భూమి, సిమెంటు, ఇనుము రేట్లు పెరిగి అంచనా పెరుగుతుంది, రాబడి శాతం ఇంకా తగ్గుతుంది. అంటే ఎదురుచూసినందుకు ప్రయారిటీ తగ్గుతుందన్నమాట!

ఇంకో చిక్కుంది. లైను ముక్కలుగా కడితే ఏ ముక్క ముందు? పాత లైనుకి అతుక్కునే ముక్కే ముందు, ఎందుకంటే అది వెంటనే వాడుకోవచ్చు. పిడుగురాళ్ల, శావల్యాపురం, గుండ్లకమ్మ ఈ పనులకి ముందే రైలున్న స్టేషన్లు. ఇంజినీరింగ్ లెక్కలో ఇది న్యాయమే. ఫలితం మాత్రం ఇప్పటికే రైలుకి దగ్గరున్నవాళ్లకి ముందు, ఎప్పుడూ రైలు లేని నడిమి మెట్టకి చివర. కట్టేవాళ్ల కుట్రేమీ లేదు, కొలతలోనే ఆ వంపుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి కౌంటీల రవాణా ప్లాన్ల సంగతి వినే ఉంటారు. 1962 చట్టం నుంచి అక్కడ యాభై వేలు దాటిన పట్టణ ప్రాంతాలు రవాణా ప్లాను వేసుకోవాలి. 1991 చట్టంతో ఇంకో షరతు చేరింది. ఇరవై ఏళ్ల ప్లాన్లో ఏ ప్రాజెక్టు రాసినా డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో చూపించాలి. చూపలేనిదాన్ని ఖాయమైన లిస్టులో పెట్టకూడదు. ప్లాను జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలి. అక్కడా రాజకీయాలుంటాయి, మార్కులు ట్రాఫిక్ ఎక్కువున్నచోటికే వాలుతాయి. కానీ ఏ ప్రాజెక్టు ఎన్నోదో, ఎందుకో కాగితం మీదుంటుంది, దానితో పోట్లాడొచ్చు. ఆ షరతే మనకుంటే 359 బాకీ పడేవి కావు. చాలా లైన్లు లిస్టులోకే వచ్చేవి కావు, నిజమే. వచ్చినవి మాత్రం అయ్యేవి.

2025 డిసెంబరు ఆఖర్న మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. తోకకి తలకాయ వచ్చింది, సంతోషం. ఇప్పుడు కోరికల చిట్టా రాస్తారు. కనిగిరి దాటే రైలు, గుంతకల్లు లైను డబ్లింగ్, అనంతపురం-గుంటూరు 544డి రోడ్డు, మార్కాపురం మీదుగా పోయే 565 రోడ్డు, పల్లె నుంచి ఆసుపత్రికి దారి. అన్నీ కావాల్సినవే. ఆ చిట్టాలో పేరు పక్కన మూడు గళ్లు గీయమని నా మనవి. ఒకటి, ఎన్నేళ్లుగా క్యూలో ఉంది. రెండు, ఇది లేకపోతే నష్టపోయేదెవరు - వలసపోయే కూలీనా, డయాలసిస్‌కి పోయే రోగా, లేక అరగంట కలిసొచ్చే కారు ప్రయాణికుడా. మూడు, డబ్బు ఎవరిస్తారు, ఏ ఏడాది.

1880లో ఆ రెండో గడి ఒక పరాయి ప్రభుత్వానికి తోచింది. అదీ లక్షలమంది పోయాక. ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వాల్ని ఆ గడి నింపమని అడగడానికి మనకి ఇంకో ధాత కరువు రానక్కర్లేదు.

మీ ఊరి చిట్టాలో ముందు రాయాల్సిందేంటి? రెండో గడిలో ఏం రాస్తారో కూడా చెప్పండి మరి.