ఒంగోలు మాదిగల క్రైస్తవనిష్ఠ

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలునకు సమీపమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మనదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య బహుప్రసిద్ధము. దీనిని దైవానుగ్రహమని కొందఱును, కఱవునాటి గంజికై చేరిన గుంపని కొందఱును చెప్పుచుందురు. ఈ రెండు మాటలును అంతకు పదియేండ్లకు పూర్వము గ్రామములలో జరిగినదానిని మఱుగుపఱచుచున్నవి.

అమెరికా బాప్తిస్టు మిషనువారు 1840లో నెల్లూర నెలకొనిరి. ఫలము స్వల్పమగుటచే మిషనును మూసివేయవలెనను తలంపు వారి దేశమున పలుమాఱు పుట్టెను. ఆ కథ పలువురు వ్రాసినదే గావున విడిచెదను. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలునకు వచ్చెను. ఆ యేటనే తాళ్లకొండపాటి వాస్తవ్యుడు యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడయ్యెను. ఇతడు పూర్వమొక యోగమార్గము నవలంబించి గురుసేవ చేసినవాడు. కావున ఈశ్వరచింత యతనికి క్రొత్తది కాదు. 1867 జనవరిలో ఆ ప్రాంతమున 28 మంది బాప్తిస్మము పొందిరి.

వారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకు సులభములే. కాని మాదిగవాని బ్రతుకెట్టిది? చెప్పులును, కపిలలకు వలయు తోళ్లును కుట్టియిచ్చి, జాతరలలో డప్పు కొట్టి, కళ్లమున కొలిచెడి మేరతో ఏడాది గడుపవలయును. కోతలనాడు ఆదివారము వచ్చిన నేమిచేయును? అమ్మవారి కొలుపున డప్పు పట్టనన్న గ్రామాధికారు లూరకుందురా? పనులు మాన్పించిరి, కొందఱిని కొట్టిరి. వారి నిష్ఠ ఒక్కనాటి పరీక్షతో ముగిసినది కాదు; వారమువారమును క్రొత్తగా నిలుపుకొనవలసినది.

1876-78 నాటి కఱవులో క్లౌ దొర బకింగుహాము కాలువపని మూడున్నరమైళ్లు గుత్తకు పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించెను, బోధకులే మేస్త్రీలైరి. కాని కూడునకై మతము పుచ్చుకొందురను శంకచే పదునైదు మాసము లెవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. గంజివాదమున కిది పూర్ణసమాధానమని నేననను. ఆ కాలువగట్టుననే కదా వేలమంది యా బోధను వినిరి! అయినను కూలి యాగిన పిదప వచ్చినవారిని కూలికై వచ్చిరనుట న్యాయము కాదు.

వెల్లంపల్లిలో ఆ దినమున దొర నీటిలోనికి దిగలేదు. ఆర్గురు తెలుగుబోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు ఆ 2,222 మందికిని బాప్తిస్మ మిచ్చిరి.