ప్రభుత్వ టెక్నాలజీ ఖర్చు: బడ్జెట్‌లో ఎక్కడ వెతకాలి?

కేంద్ర ప్రభుత్వం తన పాలన కోసం కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ మీద ఏటా ఎంత ఖర్చు చేస్తోంది? చాలామంది ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కేటాయింపునే జవాబుగా చూపిస్తారు. అది సరికాదు. 2025-26 బడ్జెట్‌లో ఆ శాఖకు సుమారు రూ.26 వేల కోట్లు కేటాయించారు. అందులో దాదాపు రూ.9 వేల కోట్లు ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీలకిచ్చే ప్రోత్సాహకాలు, మరో రూ.7 వేల కోట్లు సెమీకండక్టర్ పథకానివి. ఇది పరిశ్రమకిచ్చే ఊతమే తప్ప ప్రభుత్వం వాడుకునే టెక్నాలజీ ఖర్చు కాదు.

శాఖకొక ముక్క

అసలు ఖర్చు శాఖల మధ్య చెదిరి ఉంటుంది. రూ.7,210 కోట్లతో 2023లో ఆమోదించిన ఈ-కోర్టుల మూడో దశ న్యాయశాఖ పద్దులో కనిపిస్తుంది. ఆదాయపు పన్ను పోర్టల్ ఆర్థిక శాఖ కిందికి వస్తుంది. అన్ని శాఖల్లోనూ, జిల్లా కార్యాలయాల్లోనూ పనిచేసే జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) ఖర్చు మాత్రం ఐటీ శాఖ లెక్కలో ఉంటుంది.

పద్దుల తీరు

రాజ్యాంగంలోని 113వ అధికరణం ప్రకారం ప్రభుత్వం వ్యయ అంచనాలను గ్రాంట్ల డిమాండ్లుగా లోక్‌సభ ముందు ఉంచాలి. ప్రతి ఖర్చుకూ ప్రధాన పద్దు నుంచి వస్తు పద్దు దాకా ఆరు అంచెల వర్గీకరణ ఉంటుంది. 2023-24 నుంచి డిజిటల్ పరికరాలకు రెవెన్యూ వ్యయంలో ఒక పద్దును, ఐసీటీ పరికరాలకు మూలధన వ్యయంలో మరో పద్దును కేంద్రం ఏర్పాటు చేసింది. ఇది మంచి మార్పే. కానీ కన్సల్టెంట్లకు చెల్లించే ఫీజుల వంటివి వృత్తిపరమైన సేవల పద్దులోకి వెళ్తాయి. అక్కడ టెక్నాలజీ వాటా ఎంతో విడిగా తెలియదు.

ఆమోదం వేరు, కేటాయింపు వేరు

పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చే అంకె చాలాసార్లు కేబినెట్ ఆమోదించిన మొత్తం. 2024 మార్చిలో ఇండియా ఏఐ మిషన్‌కు అయిదేళ్లకు రూ.10,371.92 కోట్లు మంజూరయ్యాయి. 2024-25 బడ్జెట్ అంచనాలో దక్కింది రూ.551.75 కోట్లే. సవరించిన అంచనాలో అదీ రూ.173 కోట్లకు తగ్గింది. అందుకే మంజూరు, బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

లేని పట్టిక

ప్రతి శాఖా తన బడ్జెట్‌లో 1 నుంచి 3 శాతం ఐటీకి కేటాయించాలని 1998లోనే జాతీయ ఐటీ టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దానికి సహాధ్యక్షుడు. అయినా, మహిళలకు, పిల్లలకు చేసే కేటాయింపులపై బడ్జెట్ పత్రాల్లో ఉన్నట్లుగా, ఐటీ ఖర్చుపై అన్ని శాఖలనూ కలిపిన పట్టిక లేదు.

అమెరికాలో ప్రధాన సంస్థలు ఐటీ పెట్టుబడుల వివరాలను ఏటా బడ్జెట్ కార్యాలయానికి ఇవ్వాలి. 2009 నుంచి వాటిని ప్రజల ముందూ ఉంచుతున్నారు. అక్కడ ఏటా 100 బిలియన్ డాలర్లకు పైగా ఉన్న ఆ ఖర్చులో దాదాపు 80 శాతం పాత వ్యవస్థల నిర్వహణకే పోతోందని తెలిసింది అలాంటి లెక్కల వల్లే. మన దగ్గర కొత్త పోర్టల్ ప్రారంభం వార్త అవుతుంది. దాని నిర్వహణ ఖర్చు మాత్రం పార్లమెంటుకు ఒకచోట కనిపించదు. కనిపించని ఖర్చును ప్రశ్నించడం ఎవరికీ సాధ్యం కాదు.